ఉండి దగ్గర రేకుల షెడ్డు: పికప్ స్టీరింగ్ పనికి వెళ్లొచ్చు

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే రోడ్డులో, ఉండి దాటాక కాలవ పక్కన ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు. బయట పాత లీఫ్ స్ప్రింగులు, జాకీల మీద ఒకటో రెండో పికప్‌లు కనిపిస్తే అదే. నా పికప్‌కి ముందు భాగం పని అక్కడే చేయించాను.

నాది రొయ్యల బండి. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున చెరువు గట్టు మీదకి ఖాళీగా దిగాలి, ఐసు ట్రేలతో లోడయ్యాక అదే గుంతల్లోంచి పైకి రావాలి. ఆ బురదలో ఉప్పు ఉంటుంది. స్టీరింగ్ రాడ్ల జాయింట్ మీది రబ్బరు బూట్ (తొడుగు) చిరిగిందంటే బురదంతా లోపలికి పోతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది, జాయింట్ లోపలి బాల్ అరుగుతుంది. కొంతకాలంగా స్టీరింగ్ తిప్పితే ముందు కాస్త ఉత్తినే తిరిగి, ఆ తర్వాతే చక్రాలు కదిలేవి. చించినాడ వంతెన మీద ఎదురుగా లారీ వస్తే ఒకటే టెన్షన్. ముందు టైర్లు రెండూ లోపలి అంచున రంపపు పళ్లలా అరిగిపోయాయి.

అంతకుముందు ఇంకోచోట చూపిస్తే, బండి కిందకి కనీసం వంగి చూడకుండానే స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ కింద గేర్లుండే పెట్టె) పోయింది, మొత్తం మార్చాలన్నారు. బాక్స్ అంటే మాటలా!

ఈ షెడ్డు మేస్త్రి చేసిన మొదటి పని నాకు నచ్చింది. జాకీ తియ్యలేదు. చక్రాలు నేల మీదే ఉండగా ఇంజిన్ ఆన్ చేయించి, కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని కొంచెం ఎడమకీ కొంచెం కుడికీ ఆడించమన్నాడు. తను కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "మీరూ రండి బాబాయ్, చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. డ్రాగ్ లింక్ (బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్) ఎండ్ దగ్గర రాడ్ కదులుతోంది, చక్రం వైపు ఆర్మ్ మాత్రం కదలట్లేదు. వేళ్లకి టకటకమని తగిలింది. బరువు చక్రాల మీద ఉన్నప్పుడు చూస్తేనే ఇలాంటి ప్లే (లూజు) బయటపడుతుందట. బాక్స్ ఆర్మ్ దగ్గర ఏ తేడా లేదు.

ఆ తర్వాత జాకీ ఎక్కించి, చక్రాన్ని ముందూ వెనకా పట్టుకుని ఊపాడు. ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ ఎండ్లు రెండు వైపులా లూజే. పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ చక్రంలోనూ కొంచెం ఆట ఉంది. కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన పిన్) పోయిందేమో అని నాకు గుబులు. కుర్రాణ్ణి బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపాడు, ఆట పోయింది. అంటే పిన్ బాగానే ఉంది, బేరింగ్ లూజు. దానికి గ్రీజు పెట్టి సరిచేసి వదిలేశాడు. కావాలంటే కింగ్ పిన్ కిట్ కూడా అంటగట్టొచ్చు, అంటగట్టలేదు.

సామాన్లు నన్నే వెళ్లి భీమవరంలో కొనుక్కురమ్మన్నాడు. కంపెనీవే తెమ్మని, గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) ఉన్న ఎండ్లు దొరికితే మంచిదని, ఒక్క వైపే కాకుండా రెండూ మార్చాలని చెప్పాడు. పాత ఎండ్లు ఊడదీసేటప్పుడు స్టడ్ నెత్తిన బాదలేదు. ఆర్మ్ కన్ను పక్కన సుత్తితో గట్టిగా కొడితే టేపర్ (కన్నులో బిగుసుకున్న కోసు భాగం) వదిలేసింది. కొత్తవి బిగించే ముందు పాత రాడ్ పొడవు కొలిచి, అదే కొలతకి తెచ్చాడు. నట్టు సరిపడా బిగించాక, అది ఊడకుండా వేసే స్ప్లిట్ పిన్ బెజ్జం ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించాడే తప్ప వెనక్కి వదలలేదు. స్ప్లిట్ పిన్ కొత్తది వేశాడు. ఇదెందుకు రాస్తున్నానంటే మన వైపు చాలా షెడ్లలో ఆ బెజ్జంలో తీగ ముక్కో మేకో కనిపిస్తుంది. స్టీరింగ్ జాయింట్‌కి తీగ ఏమిటండీ?

బాక్స్ మీద అడ్జస్టింగ్ స్క్రూ కూడా బిగించమని అడిగాను. జాయింట్లు కొత్తవి పడ్డాక అవసరం లేదన్నాడు. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తిన్నగా వెనక్కి రాదు, లోపల గేర్లు కూడా తొందరగా పాడవుతాయి అన్నాడు.

లోటుపాట్లు ఉన్నాయి. అలైన్‌మెంట్ మిషన్ లేదు. టైర్ల మీద చాక్‌పీసుతో గీత గీసి, ముందూ వెనకా టేపుతో కొలిచి సరిచేస్తాడు. అది అలైన్‌మెంట్ సెంటర్ దాకా వెళ్లడానికే, తిన్నగా అక్కడికే పొండి అని తనే చెప్పాడు. భీమవరంలో చేయించుకున్నాను, దాని ఖర్చు వేరే. బిల్లు ఇవ్వడు. లేబరు నా దగ్గర 1,200 తీసుకున్నాడు, ముందు చెప్పిందే. మధ్యాహ్నం రెండింటికి పూర్తవుతుందన్న పని చీకటి పడ్డాక గానీ అవ్వలేదు. కూర్చోడానికి ఒక విరిగిన కుర్చీ, దోమలు బోలెడు.

ఇప్పుడు బండి వంతెన మీద చెప్పినట్టు వింటోంది. టైర్లు మాత్రం అరిగినవి అరిగినట్టే, వాటిని మార్చాల్సిందే. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. పట్టుబడులు జోరుగా ఉన్న రోజుల్లో అయితే ముందు ఫోన్ చేసి వెళ్లండి, లేకపోతే ఫీడు (రొయ్యల మేత) బళ్ల వెనక వరసలో నిలబడాలి.