చీమల లెక్కకు గ్లాసా, సంచా?

పాపికొండల దగ్గర గోదావరి లోయలో చీమల జాతులు లెక్కపెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: నేలలో పాతితే చీమలు వచ్చి పడే పిట్‌ఫాల్ గ్లాసా, ఆకుచెత్తలోంచి చీమల్ని రాబట్టే వింక్లర్ సంచా? గ్లాసును అంచు సరిగ్గా నేలమట్టానికి వచ్చేలా పాతాలి. కాస్త పైకి లేచినా చీమలు పక్కనుంచి తప్పించుకుపోతాయి. గండుచీమల్లా నేలమీద చురుగ్గా తిరిగేవి ఇందులో బాగా పడతాయి. ఆకుచెత్త లేని ఎండు ఒడ్డుకు ఇదే నయం.

వింక్లర్ పద్ధతిలో చదరపు మీటరు ఆకుచెత్తను జల్లించి, సంచిలో 48 గంటలు వేలాడదీస్తారు. చెత్త ఆరేకొద్దీ కంటికి ఆనని చిన్న చీమలు కదిలి, కింది ఆల్కహాల్ సీసాలో పడతాయి. నీడ అడవిలో నా ఓటు దీనికే. వానాకాలంలో మాత్రం టెన్షనే, తడిచెత్త ఓ పట్టాన ఆరదు.

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలకు రెండూ చాలవు, కొమ్మల మీద వెతికి ఏరుకోవాల్సిందే.