కోడి తోలు ఒలవడానికి 6 అంగుళాల సన్న కత్తి: పదును భేష్, పిడితోనే తంటా

పెంపుడు కోడికి ఈకలు పీకే బదులు తోలే ఒలిచేసేవాళ్లకు ఈ కత్తి సరిగ్గా సరిపోతుంది. వేడినీళ్ల పని లేదు. రొమ్ము ఎముక మీద తోలును వేళ్లతో పైకి లాగి, మొనతో చిన్న గాటు పెడితే చాలు. మిగతాది చేత్తోనే ఊడొస్తుంది. మొన లోతుగా దిగిందా, మెడ కింది గింజల సంచి తెగి మేతంతా మాంసానికి అంటుతుంది. ఒంట్లో వేడి ఉండగానే ఒలవాలి, చల్లారితే తోలు పట్టేస్తుంది. ముదురు కోడికి ఎటూ కాస్త బలం పెట్టాల్సిందే. రెక్క చివర తోలుతో కుస్తీ అనవసరం, కీలు దగ్గర కోసి పారేయండి. కీలు సందులో ఈ కత్తి చక్కగా దూరుతుంది. ఎముక మీద కొడితే మాత్రం అంచు పోతుంది. నున్నటి ప్లాస్టిక్ పిడికి కొవ్వు తగిలితే జారుతుంది, పక్కన పొడి గుడ్డ ఉండాల్సిందే.