కళ్లద్దాల కోసం వెళ్తే అసలు జబ్బు దొరికింది

తిరుపతిలోని ఈ కంటి ఆసుపత్రికి మేము వెళ్లింది కళ్లద్దాల కోసం. మా అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉన్నాయని అంటే పాకాలలో పొద్దున్నే బస్సెక్కి వచ్చాం.

అప్పటికి ఎనిమిది నెలలుగా తన కుడిచెయ్యి వణుకుతోంది. నాకు మొదట తెలిసింది ముగ్గు దగ్గర. చుక్కలు వరుసలోనే పడేవి, వాటిని చుట్టే గీత మాత్రం రంపపు పళ్లలా వచ్చేది. వేళ్ల సందులోంచి పిండి ఒకచోట కుప్పగా పడేది, ఇంకోచోట అసలు రాలేది కాదు. ఇద్దరు డాక్టర్లకు చూపించాం. ఒకరు పరీక్షల భయం అన్నారు, ఇంకొకరు రక్తం తక్కువని బలం మాత్రలు రాశారు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లాలని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెయ్యి వణికితే ఎక్కడికి వెళ్లాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. కళ్ల డాక్టరు దగ్గరికని ఎవరికి తడుతుంది?

డాక్టరమ్మ ముందు అక్షరాలు చదివించారు. సైటు కొద్దిగానే ఉంది. తర్వాత కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, సన్నటి వెలుగు గీతను నల్లగుడ్డు మీదుగా నడిపించారు. ఒక కన్ను చూశారు, రెండోది చూశారు, మళ్లీ మొదటిదానికి వచ్చారు. "కిందికి చూడమ్మా" అని బొటనవేలితో పైరెప్ప ఎత్తిపట్టారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "పాపకు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అమ్మా?" అని అడిగారు. ఎనిమిదో తరగతిలో వచ్చాయి, పసరు తాగించామని చెప్పాను. "చెయ్యి వణుకుతుందా?" అన్నారు. ఆ మాట నేను అప్పటిదాకా ఎత్తనే లేదు. మూడో ప్రశ్న, "మీది మేనరికమా?" నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణే.

నన్ను కూడా ఆ యంత్రం దగ్గర కూర్చోబెట్టి చూపించారు. నల్లగుడ్డు అంచున, పైభాగంలో, చంద్రవంకలాంటి పట్టీ. గోధుమ రంగులో పాత బంగారం కలిపినట్టుంది. రోజూ జడ వేస్తూ ఆ ముఖం చూసే నాకు అది ఏనాడూ కనబడలేదు. నల్లటి కళ్లలో అది తేలిగ్గా తెలియదట, పైగా మొదట ఏర్పడేది రెప్ప చాటునే.

దాన్ని కైజర్-ఫ్లైషర్ వలయం అంటారు. 1902లో ఒకరు, 1903లో ఇంకొకరు దాని గురించి రాశారు. జబ్బు పేరు విల్సన్ వ్యాధి. దాన్ని 1912లో వివరించిన వైద్యుడి పేరే పెట్టారు. తిండితో ఒంట్లో చేరే రాగిలో మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపాలి. ఆ పని చేయించే జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిపోయి వస్తే, రాగి కాలేయంలో పేరుకుంటుంది. అక్కడ నిండాక మెదడుకూ కళ్లకూ చేరుతుంది. మేము పసరుతో తగ్గిందనుకున్న కామెర్లు, ముగ్గులో వణుకు, కంట్లో పట్టీ అన్నీ ఒక్కటేనని అప్పుడు అర్థమైంది.

"ఇది నా అనుమానం, పరీక్షలతోనే తేలాలి" అని చెప్పి నరాల డాక్టరుకు స్వయంగా ఉత్తరం రాసిచ్చారు. అద్దాలు ఇప్పుడే వద్దన్నారు. కింద వాళ్ల సొంత అద్దాల దుకాణమే ఉంది, అయినా వద్దన్నారు.

పెద్దాసుపత్రిలో రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తే 7 ఉంది, మామూలుగా 20 దాటాలి. ఇరవైనాలుగు గంటల మూత్రాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పట్టి ఇస్తే అందులో రాగి 280 మైక్రోగ్రాములు. ఈ జబ్బులో 100 దాటడం మామూలట. ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిలమిన్ అనే మందు మొదలుపెట్టారు. ఖాళీ కడుపున వేసుకోవాలి, దానితో బి6 విటమిన్ కూడా. మొదట్లో వణుకు పెరగవచ్చని ముందే హెచ్చరించారు, పెరిగింది కూడా. ఆ రెండు నెలలు నాకు నిద్ర లేదు. మందు జీవితాంతం మానకూడదు. మా అత్తగారి రాగి బిందెలో నీళ్లు తాగడం ఆ రోజే మానేశాం.

మా అమ్మాయి తమ్ముడి కళ్లు కూడా ఈ కంటి ఆసుపత్రిలోనే చూపించాం. వలయం లేదు. అంతటితో సరేనని పంపేయకుండా, కాలేయం దశలో ఉన్నవాళ్లలో చాలామందికి వలయం ఉండదనీ, తోబుట్టువుకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు కాబట్టి రక్తపరీక్ష తప్పదనీ పట్టుబట్టారు. వాడికి లేదని తేలింది.

లోపాలూ చెప్పాలి. టోకెన్లు పిలిచే పద్ధతి బాగాలేదు, తొమ్మిదికి వచ్చినవాళ్లను పన్నెండింటికి పిలిచారు. ముసలివాళ్లు మెట్ల మీద కూర్చుంటున్నారు, ఇంకో పది కుర్చీలు వేయాలి. ఫీజు మూడు వందలు, నెల లోపు మళ్లీ వస్తే తీసుకోరు.

ఏడాదిన్నర తర్వాత పోయిన నెల మళ్లీ చూపించాం. వలయం పక్కల పలచబడింది, పైనా కిందా ఇంకా ఉంది. డాక్టరమ్మ పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ గీసి తేదీ వేశారు.

వెళ్లేవాళ్లు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి, కంటికి సంబంధం లేనివి కూడా. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడుగా ఒకరు ఉండాలి.