ఆరేళ్ళు 'మోడరేట్' అన్న ముక్కని నమ్మి ట్రెక్కులు చేశాక

ట్రెక్ పేరు పక్కన ఈజీ, మోడరేట్, డిఫికల్ట్ అని రాస్తారు కదా, ఆ ఒక్క ముక్క చూసుకునే ఆరేళ్ళుగా హిమాలయాల్లో ట్రెక్కులు ఎంచుకుంటున్నా. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా అదే చెప్పా, గ్రేడ్ చూసుకుని వెళ్ళిపోండి ఏం కాదు అని. ఇప్పుడు అందులో సగం వెనక్కి తీసుకుంటున్నా. కారణం హంప్టా పాస్, హిమాచల్‌లో కులూ వైపు నుంచి లాహౌల్ వైపుకి దాటే కనుమ. పాపం ఆ కొండ మీద నాకేం కోపం లేదు, కోపమంతా ఆ ముక్క మీదే.

మొదట్లో నమ్మకం ఊరికే కుదరలేదు లెండి. డిసెంబర్లో కేదార్‌కాంఠా వెళ్ళా, 12,500 అడుగులు, ఈజీ-మోడరేట్ అన్నారు, నడక నిజంగానే అలాగే ఉంది. రాత్రి టెంట్‌లో పెట్టుకున్న నీళ్ళ బాటిల్ గడ్డకట్టింది, గ్రేడ్‌లో చలి లెక్క ఉండదని అప్పుడే తెలుసుకోవాల్సింది, ఫొటోల హడావుడిలో పట్టించుకోలా. తర్వాత ఒక ఆగస్టులో హంప్టా. కులూ వైపు అంతా తడి, పచ్చదనం, పాస్ దాటి లాహౌల్ వైపు దిగితే వాన లేదు, గడ్డి లేదు, ఉత్త రాళ్ళూ ఎండా, ఎందుకంటే వానమబ్బుల్ని ఆ కొండలే చాలావరకు ఆపేస్తాయి. పాస్ దగ్గర ఆయాసం తప్ప ఇబ్బంది పడింది లేదు. మోడరేట్ అంటే మోడరేటే అనుకున్నా.

ఆ ధైర్యంతోనే మా బావమరిదిని వెంటేసుకుని మళ్ళీ అదే హంప్టాకి వెళ్ళా, కాకపోతే ఈసారి జూన్ రెండో వారం. వాడికి అదే మొదటి ట్రెక్. నాకు సెలవులు అప్పుడే దొరికాయి, అదే దారి, అదే 14,000 అడుగులు, అదే మోడరేట్, ఇంకేం చూడాలి?

బాలూ కా ఘేరా క్యాంప్ దాటిన కాసేపటికే నేల కనబడ్డం మానేసింది. ఆగస్టులో నేను గెంతుకుంటూ ఎక్కిన రాళ్ళన్నీ మంచు కింద ఉన్నాయి. మంచులో నడకంటే తెల్లారేలోపు బయల్దేరాలి, అప్పుడైతే గట్టిగా ఉంటుంది, బూట్ల కింద మైక్రోస్పైక్స్ తగిలించుకుంటే పట్టు దొరుకుతుంది. మాకేమో తెల్లవారుజామున వాన, రెండు గంటలు లేటు. పదకొండు అయ్యేసరికి ఎండకి మంచు మెత్తబడిపోయి అడుగేస్తే మోకాలిదాకా దిగబడుతోంది, ఒక కాలు పీక్కునేలోపు రెండోది దిగుతోంది, ఆ ఎత్తులో గాలి పీలిస్తే అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో అరవై శాతం, పది అడుగులకోసారి ఆగాల్సొచ్చింది. "బావా, మోడరేట్ అన్నావు" అన్నాడు వాడు, నవ్వాను. కాసేపటికి మళ్ళీ అన్నాడు, ఈసారి వాడూ నవ్వలేదు నేనూ నవ్వలేదు. ఆ తర్వాత అసలు మాట్లాడ్డమే మానేశాడు, నాకు భయం పట్టుకుంది అప్పుడే.

దిగడం ఇంకా ఘోరం. గైడ్ ముందు వెళ్తూ బూటుతో తన్ని తన్ని మెట్లలా చేస్తున్నాడు, మేం వాటిల్లో కాలు పెట్టాలి. మావాడు ఒక మెట్టు తప్పాడు. ఇరవై అడుగులు జారిపోయి ఆగాడు. పొద్దుట్నించీ తిట్టుకున్న ఆ మెత్తటి మంచే వాణ్ణి ఆపింది, గట్టిగా ఉండుంటే ఎక్కడ ఆగేవాడో ఆలోచించడం నాకిష్టం లేదు. దెబ్బలేం తగల్లేదు. బూట్లలోకి మంచు పోకుండా కాళ్ళకి తొడుక్కునే గైటర్స్ తీసుకెళ్ళలేదు నేను (ఆగస్టులో అవసరం పడలేదు కదా!), క్యాంప్ చేరేసరికి బూట్లనిండా నీళ్ళు. మర్నాడు వాగు దాటాలని గైడ్ చీకట్లోనే లేపేశాడు, ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నీటిమట్టం పెరుగుతుంది, మధ్యాహ్నానికి అదే వాగు వేరేగా ఉంటుంది.

అయితే గ్రేడ్ అబద్ధమా అంటే కాదు. అది ఇచ్చేవాళ్ళు మంచి సీజన్ని మనసులో పెట్టుకుని ఇస్తారు, ఆ సంగతి పైకి చెప్పరు, అంతే. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళకి టీ1 నుంచి టీ6 దాకా ఒక స్కేల్ ఉంది, అదీ వాతావరణం బాగుండి నేల పొడిగా ఉన్నప్పటి లెక్కే, కాకపోతే వాళ్ళు ఆ మాట రాసిపెడతారు.

ఇప్పుడు నేను గ్రేడ్ కంటే ముందు వారం అడుగుతున్నా, నెల కూడా కాదు. ఆ వారంలో మంచు ఎక్కడిదాకా ఉంటుంది, పాస్ దాటే రోజు ఎన్ని గంటలు, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెరుగుతోందా, ఇవి తేలాకే మిగతావి. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వాన తప్పదు, పూలు జూలై, ఆగస్టుల్లోనే. సందక్‌ఫూ నుంచి కాంచన్‌జంగా తేటగా కనబడాలంటే నవంబర్ మేలు, ఏప్రిల్లో పూలుంటాయి గానీ మబ్బుతో జూదమే.

ఇదంతా నలభై దాటి, కుర్చీ ఉద్యోగం చేసుకుంటూ, ఒక మోకాలు సతాయించే మనిషి మాట. రోజూ పరిగెత్తే పాతికేళ్ళవాళ్ళకి జూన్ హంప్టానే ఎక్కువ నచ్చుతుందేమో, మంచులో నడిచిన అలవాటుంటే ఇంకానూ. నాకు సెలవులు జూన్లోనే వస్తాయి కాబట్టి పాస్ లేని లోయ ట్రెక్ చూసుకుంటున్నా, వచ్చే ఏడాదికి హర్ కీ దూన్ అనుకున్నాం. దాని పక్కన కూడా మోడరేట్ అనే ఉంది, మావాడికి ఇంకా చెప్పలేదు.