ఖాందేరి దీవికి నాంపల్లి నుంచి: అమావాస్య, పౌర్ణమి చూసుకుని బయల్దేరండి

ఐఎన్‌ఎస్ ఖాందేరి సబ్‌మెరైన్ 2019 సెప్టెంబరు 28న ముంబైలో నౌకాదళంలో చేరింది. 67.5 మీటర్ల పొడవు, ఆరు టార్పెడో గొట్టాలు ఉన్న దానిలోకి మామూలు జనాన్ని ఎక్కించరు. దానికి పేరిచ్చిన, 1679లో మరాఠాలకూ ఆంగ్లేయులకూ యుద్ధం జరిగిన ఖాందేరి దీవిని మాత్రం (మహారాష్ట్ర తీరంలో అలీబాగ్ దగ్గర ఉంది) హైదరాబాద్ వాళ్లు వారాంతంలో చూసి రావచ్చు.

నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేలోపు ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగుతారు. గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి మాండ్వాకు పడవలో గంట ప్రయాణం. అక్కడి నుంచి అలీబాగ్‌కు బస్సు ఖర్చు కూడా టికెట్‌లోనే కలిపే సంస్థలున్నాయి, కొనేముందు అడగండి. బస అలీబాగ్‌లోనే మేలు. ముంబైలో బస చేస్తే పడవలకే సగం రోజు పోతుంది. కాకపోతే శనివారం రాత్రి హోమ్‌స్టేల ధర బాగా పెరుగుతుంది, శుక్రవారం చేరితే నయం.

దీవికి పడవలు అలీబాగ్ పక్కనున్న థళ్ ఊరి జాలర్ల దగ్గర దొరుకుతాయి. మనిషికింత అని కాకుండా పడవ మొత్తానికి మాట్లాడుకోవాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, థళ్ ఒడ్డున పడవ బురదలో కూరుకుపోతుంది, నీళ్లు మళ్లీ పెరిగే పోటు వచ్చేదాకా కదలదు. అలీబాగ్ ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో ఉన్న కొలాబా కోటకు సరిగ్గా తిరగేసిన లెక్క: పాటులోనే నడిచి వెళ్లగలం. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మిట్టమధ్యాహ్నం ప్రాంతంలో, పాటు సాయంత్రం వస్తాయి. కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్నం ఖాందేరి, సాయంత్రం కొలాబా రెండూ కుదురుతాయి. అష్టమి దగ్గర నీళ్లు అంతగా వెనక్కి తీయవు, కొలాబా దారి తేలకపోవచ్చు. వానాకాలంలో ఈ ప్రయాణం వద్దు.

దీవిలో బస లేదు, తిండి దొరకదు. మంచినీళ్లు మోసుకెళ్లాలి. చక్రాల బండ్ల మీద ఉన్న ఫిరంగులు, కోలీ జాలర్లు కొలిచే వేతాళుడి గుడి, 1867 నాటి లైట్‌హౌస్, రాయితో కొడితే లోహంలా మోగే బండ ఉన్నాయి. బురుజు ఎక్కి ముంబై వైపు చూస్తే ఆంగ్లేయులు ఎందుకంత కంగారు పడ్డారో తెలుస్తుంది: వాళ్ల రేవు ముఖద్వారం ఎదురుగానే. శివాజీ ఆజ్ఞతో మాయ్‌నాక్ భండారీ ఇక్కడ గోడలు లేపుతుంటే అడ్డుకోవడానికి నౌకలు పంపారు. అక్టోబరు 18న మరాఠా నౌకాదళ నాయకుడు దౌలత్‌ఖాన్ పడవలు వాటి మీద పడ్డాయి. ఆంగ్లేయుల డవ్ నౌక చిక్కిపోయింది, రివెంజ్ మాత్రం ఎదురు నిలిచి మరాఠా పడవలను తరిమింది. అయినా దీవి దక్కలేదు. తెడ్లతో నడిచే చిన్న మరాఠా పడవలు లోతులేని నీళ్లలోనూ దూరేవి, రాత్రిపూట దీవికి సరుకు చేరవేసేవి. గాలి మీద ఆధారపడ్డ పెద్ద నౌకలు వాటిని ఆపలేకపోయాయి. థళ్ దగ్గర మన పడవ లోతు చూసుకుంటూ మలుపు తీసుకునేటప్పుడు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు అర్థమవుతుంది.

సబ్‌మెరైన్ లోపల చూడాలన్న కోరిక ఉంటే విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా మార్చిన పాత సబ్‌మెరైన్ కుర్సురా చూడండి. 1968లో నౌకాదళంలో చేరిన, ఇదే పేరున్న తొలి ఖాందేరి సబ్‌మెరైన్‌కు అది సోదర నౌక, సోవియట్ తయారీ, పొడవు 91 మీటర్లు. గదుల మధ్య దారులు ఇరుకు, వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కష్టం. నాంపల్లి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ రాత్రికి రాత్రే చేరుస్తుంది. సోమవారం మ్యూజియం సెలవు, కాబట్టి ఆదివారం సాయంత్రం మాత్రం రైలెక్కకండి.