ఎఫ్-22 మేలా, ఎఫ్-35 మేలా? నేను మాత్రం వెనక వచ్చేవాళ్లను చూస్తా

కావలిలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర కూచుంటే చాలు, అగ్నివీర్ పరీక్షకు చదివే పిల్లలు ఎవరో ఒకరు వచ్చి ఇదే అడుగుతారు: "సార్, ఎఫ్-22 మేలా, ఎఫ్-35 మేలా?" ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు ఇంజిన్ ఫిట్టరుగా చేసి వచ్చానని వాళ్లకు తెలుసు. నేను పని చేసింది ఈ అమెరికా స్టెల్త్ యుద్ధ విమానాల మీద కాదబ్బయా అంటే వినరు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాకు అమెరికా ఎఫ్-35, రష్యా సు-57 రెండూ వచ్చినప్పటి నుంచి ఈ గోల మరీ ఎక్కువైంది. ఒకసారి రాసి పెట్టుకుంటే ఇక అడిగినవాళ్లకు ఇదే పంపొచ్చు.

స్టెల్త్ అంటే రాడార్‌కు సరిగా దొరక్కుండా ఉండే తయారీ. అది ఎందుకు దొరకదో ఇక్కడ చెప్పను. గాల్లో ఎదురెదురు పడితే ఏది గెలుస్తుందనే దానికీ ఒకటే మాట: ఎఫ్-22. రెండు ఇంజిన్లు, ఎక్కువ ఎత్తు, ఆఫ్టర్‌బర్నర్ (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండించే ఏర్పాటు) వెయ్యకుండానే ధ్వనివేగం దాటే సత్తా. పిల్లలకు కావాల్సింది ఈ జవాబే, విని వెళ్లిపోతారు. నేను చూసేది మాత్రం వేరు. ఇంటి నుంచి వేల కిలోమీటర్ల దూరం పంపితే ఏది అక్కడ పని చేస్తుంది, పని అయ్యాక ఏది తనంతట తాను తిరిగొస్తుంది?

ఈ పిచ్చి నాకు సర్వీసులో కొంత పట్టింది, మిగతాది అల్లూరులో మా బావ పొలం దగ్గర పట్టింది. కోతల టైముకు తమిళనాడు నుంచి మిషన్లు వస్తాయి కదా. నేల ఆరకపోతే చైను మిషను, ఆరితే టైరు మిషను. ఒక ఏడాది తడి ఆరలేదని బావ చైను మిషనే పిలిపించాడు. రెండెకరాలు కోసిందో లేదో, లోపల బెల్టు తెగింది. డ్రైవరు గట్టు మీద కూచొని అరవంలో ఫోన్ మీద ఫోన్. నెల్లూరులో ఆ బెల్టు లేదు, వాళ్ల ఊరి నుంచి రావాలి. పైన మబ్బు. మూడు రోజులు ఆ మిషను బురదలో అలాగే నిలబడింది. మా బావ దాని చుట్టూ తిరుగుతూ, "ఎట్టాంటి బురదలోకైనా దిగుద్దన్నారు, దిగింది. బయటికి వచ్చే సంగతి మాత్రం ఎవురూ చెప్పలా" అన్నాడు. పక్క చేలో మాత్రం మూడు మిషన్ల బ్యాచ్ దిగింది. వాళ్ల వెంట ఒక వ్యాను, అందులో మెకానిక్కు, బెల్టులు, బేరింగులు. వాళ్లు కోసుకొని వెళ్లిపోయారు.

ఇక విమానాలకు వద్దాం. ఎఫ్-22 మొదటిసారి విదేశాలకు బయల్దేరింది 2007 ఫిబ్రవరిలో, జపాన్‌లోని కదేనాకు. హవాయిలో ఆగి, అక్కడి నుంచి ఆరు విమానాలు లేచాయి. ముందున్నది సుమారు ఏడున్నర వేల కిలోమీటర్ల సముద్రం. అంతర్జాతీయ తేదీ రేఖ దాటగానే కంప్యూటర్లు మొరాయించాయి. నావిగేషన్ పోయింది, ఇంధనం లెక్కలు పోయాయి, కమ్యూనికేషన్ కొంత పోయింది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ రేఖ సంగతి సరిగా చూసుకోలేదు. ప్రపంచంలో అప్పటికి దాన్ని మించిన ఫైటర్ లేదు. అలాంటివి ఆరూ, ఇంధనం పోయడానికి వెంట వచ్చిన ట్యాంకర్ విమానాల వెనకే, కోడి వెంట పిల్లల్లా హవాయి చేరాయి. వాతావరణం బాగుండి ట్యాంకర్ కంటికి కనబడింది కాబట్టి సరిపోయింది. కొన్ని రోజుల్లో సాఫ్ట్‌వేర్ సరిచేసి కదేనా పంపారు. మే నెలలో మొత్తం స్క్వాడ్రన్ వర్జీనియాలోని లాంగ్లీకి తిరిగొచ్చింది.

దీన్ని బట్టి ఎఫ్-22 పనికిరాదని కాదు. తర్వాత సిరియా మీదా తిరిగింది, గల్ఫ్‌కూ వెళ్లింది. కానీ దానికి ఒక శాపం ఉంది. సైన్యానికి అందినవి 187. 2011లో తయారీ ఆపేశారు. బయటి దేశాలకు అమ్మకూడదని అమెరికా చట్టమే చేసుకుంది. అంటే జపాన్‌లో చెడినా, ఖతార్‌లో చెడినా పక్కింటికి వెళ్లి ఒక పార్టు అడిగే వీలు లేదు. పక్కింట్లో ఆ బండే లేదు. రాడార్‌కు దొరక్కుండా వేసే పైపూతకు చేసే సేవ వేరే. 2018 అక్టోబరులో ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరం మీదికి మైకేల్ తుఫాను వస్తుంటే, ఎగరగలిగినవి ముందే వెళ్లిపోయాయి. రిపేర్లలో ఉన్నవి హ్యాంగర్లలోనే మిగిలిపోయాయి. గాలికి ఆ హ్యాంగర్ల కప్పులు లేచిపోయాయి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బోట్లన్నీ ఒడ్డుకు లాగి, ఇంజిన్ విప్పేసిన బోటు దగ్గర మాత్రం నెత్తిన చేతులు పెట్టుకునే మన జువ్వలదిన్నె వాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

ఎఫ్-35 అంటే ఒకటి కాదు, మూడు: ఎఫ్-35ఏ, బీ, సీ. ఎఫ్-35ఏ మామూలు రన్‌వే వాడుతుంది. బీ నిలువుగా దిగుతుంది, చిన్న డెక్కు చాలు. సీ పెద్ద విమానవాహక నౌకలకు, రెక్కలు వెడల్పు, చివర్లు మడుస్తారు. పిల్లలందరికీ బీ అంటే మోజు. నిలువుగా దిగే వీడియో చూసినవాడెవడూ ఎఫ్-35ఏ గురించి మాట్లాడడు. కానీ ఆ దిగే ఏర్పాటు ఉచితంగా రాలేదు. పైలట్ వెనక పెద్ద ఫ్యాను పెట్టడానికి ఇంధనం చోటు తీసేశారు. ఎఫ్-35ఏ లోపల 8,300 కిలోలు పడితే బీలో 6,000 చిల్లర. ఎఫ్-35ఏ యుద్ధ పరిధి, అంటే వెళ్లి పని చేసి తిరిగి రాగలిగే దూరం, వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, బీది 830 చిల్లర దగ్గర ఆగుతుంది. చైను మిషను సంగతే. ఎక్కడైనా దిగుతుంది, ఎక్కువ తాగుతుంది, లోపల కదిలే భాగాలు ఎక్కువ.

కదిలే భాగాలు ఎక్కువైతే ఏమవుతుందో తిరువనంతపురంలో చూశాం. 2025 జూన్ 14 రాత్రి, హెచ్‌ఎంఎస్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నౌకకు చెందిన బ్రిటన్ ఎఫ్-35బీ ఒకటి నౌకకు వెళ్లలేక అక్కడ దిగింది. మనవాళ్లు ఇంధనం పోశారు. బయల్దేరబోతుంటే హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో భాగాలను కదిలించే ఏర్పాటు) సమస్య బయటపడింది. ఇక అంతే, వానలో బయటే నిలబడింది. కేరళ టూరిజం వాళ్లు జోకులేశారు, మీమ్స్ వచ్చాయి. నేనూ నవ్వాను, కాదనను. కానీ ఫిట్టరుగా నాకు కనబడింది ఆ మూడో వారం. జూలై 6న ఎ400ఎం రవాణా విమానంలో బ్రిటన్ నుంచి ఇంజనీర్లు, సామాన్లు వచ్చేదాకా పని ముందుకు సాగలేదు. వాళ్లు వచ్చాక హ్యాంగర్‌లోకి లాగారు, జూలై 22న లేచి ఆస్ట్రేలియా వైపు వెళ్లిపోయింది. ఈలోపు దాని నౌక ఎప్పుడో తన దారిన తాను పోయింది. ఎక్కడైనా దిగే విమానం దిగింది సరే, దాన్ని లేపింది మాత్రం ఎ400ఎంలో వచ్చిన ఆ మనుషులు.

బీ మీద ఇంకో సంగతి, ఇది నా వృత్తి మీద మచ్చ. 2021 నవంబరులో మధ్యధరా సముద్రంలో బ్రిటన్ నౌక క్వీన్ ఎలిజబెత్ మీంచి లేస్తూ ఒకటి నీళ్లలో పడింది. పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. ఇంజిన్‌కు గాలి పోయే దారిలో పెట్టే మూత ఒకటి తియ్యలేదని విచారణలో తేలింది. మా రోజుల్లో ప్రతి మూతకూ ఎర్ర పట్టీ వేలాడేది. ఎన్ని పెట్టామో అన్నీ తీసి, చేతిలో పట్టుకొని పైలట్‌కు చూపించి లెక్క చెప్పేవాళ్లం. అంత ఖరీదు విమానానికైనా చివరి కాపలా ఆ ఎర్ర పట్టీలే.

సీ గురించి క్లుప్తంగా. 2021 అక్టోబరులో మలబార్ ఉమ్మడి నౌకాదళ విన్యాసాలకు అమెరికా కార్ల్ విన్సన్ నౌక మన బంగాళాఖాతంలోకి వచ్చినప్పుడు ఇవీ దాని మీద ఉన్నాయి. అదే యాత్రలో, 2022 జనవరిలో ఒకటి డెక్ మీద దిగబోయి దక్షిణ చైనా సముద్రంలో పడింది. మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతు నుంచి క్రేన్‌తో లాగారు. విమానవాహక నౌకలు లేనివాడికి సీ గురించి ఆలోచన దండగ.

అందుకే నా ఓటు ఎఫ్-35ఏకి. దాని గొప్పతనం కంటే దాని బంధుబలగం చూసి. జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, ఇటలీ, నార్వే, నెదర్లాండ్స్... దారిలో ఎక్కడ ఆగినా ఆ విమానాన్ని విప్పి బిగించినవాడు దొరుకుతాడు. లోపాలు లేవా అంటే బోలెడు. 2023 మార్చిలో అమెరికా ఎఫ్-35లలో ఏ సమయానికైనా పనికి సిద్ధంగా ఉన్నవి 55 శాతమేనని అక్కడి ఆడిట్ సంస్థే చెప్పింది. అయినా, ఇంతమంది చుట్టాలున్న బండిని నమ్ముతా.

మనం కొంటే అన్నప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. మన ఐఎల్-78 ట్యాంకర్లు వెనక గొట్టం వదులుతాయి, దాని చివర బుట్ట ఉంటుంది. ఆ బుట్టలోకి పైలట్ తన విమానం ముక్కు దగ్గరి కడ్డీని తనే దూర్చాలి. ఎర్రబస్సులో నిలబడి సూదిలో దారం ఎక్కించినట్టు. ఎఫ్-22కూ ఎఫ్-35ఏకీ ఆ కడ్డీ లేదు. ట్యాంకర్‌లో కూచున్న మనిషి పైనుంచి బూమ్ అనే గట్టి గొట్టం దించి విమానం వీపు మీద పొడవాలి. మన ట్యాంకర్లకు ఆ బూమ్ లేదు. బీకీ, సీకీ, సు-57కీ కడ్డీ ఉంది. ఈ ఒక్క ముక్క చెప్పగానే టీ కొట్టు దగ్గర పిల్లలు కాసేపు మాట్లాడరు.

సు-57 విన్యాసాలు కళ్లకు పండగ. 2018లో రెండు సిరియా వెళ్లి కొద్ది రోజుల్లోనే వెనక్కి వచ్చాయి, దూరం పంపి నిలబెట్టిన చరిత్ర తక్కువ. చైనా జె-20 ఇల్లు దాటి మకాం పెట్టిందే లేదు, పోలిక ఎక్కడ? మనం తయారు చేసుకుంటున్న స్టెల్త్ ఫైటర్ ఆమ్కా ఇంకా ఎగరాలి.

చివరగా, "సార్, మన హైవే మీద దిగుతుందా?" అని అడిగేవాళ్లకు. కొరిశపాడు దగ్గర ఎన్‌హెచ్-16 మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు కాంక్రీటు రన్‌వే ఉంది కదా. 2024 మార్చి 18న అక్కడ ట్రయల్ చేశారు. సుఖోయ్ ఫైటర్లు, హాక్ శిక్షణ విమానాలు కిందికి వచ్చి, నేల తాకకుండా గర్జించుకుంటూ పైకి పోయాయి. పిల్లలు ఇప్పటికీ ఫోన్లలో చూసుకునే వీడియోలు అవే. ఆ రోజు నిజంగా దిగి, మళ్లీ లేచి వెళ్లినవి ఒక ఏఎన్-32, ఒక డార్నియర్. రెండూ రవాణా విమానాలే. నా సర్వీసులో ఎన్నిసార్లు టూల్ బాక్సు ఒళ్లో పెట్టుకొని ఏఎన్-32 పక్క బల్ల మీద కూచొని వెళ్లానో లెక్క లేదు.