మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్, 14 నెలల తర్వాత

అమలాపురం దగ్గర మా ఇంటి మీద సోలార్ పెట్టించి 14 నెలలైందండి, చాలామంది అడుగుతున్నారని రాస్తున్నాను.

ముందు మంచి మాట. ఎండాకాలంలో రోజుకి 13 యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పట్టిన రోజుల్లో మాత్రం 3 దాటడం కష్టం. ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం సబ్సిడీ 78,000 బ్యాంకులో పడింది. పనివాళ్ళు చాలా నీటుగా చేశారు, ఎర్తింగ్ గుంట కూడా దగ్గరుండి తవ్వించారు.

షాపాయన మొదటిరోజే డాబా ఎక్కి తూర్పు పక్క కొబ్బరి చెట్టు చూసి, ఏవండీ ఒక్క మట్ట నీడ పడినా ఆ వరస ప్యానెళ్ళలో ఉత్పత్తి తగ్గిపోద్ది, చెట్టు కొట్టించెయ్యండి అన్నాడు. అమ్మ ససేమిరా అంది, కాపు మీదున్న చెట్టు కదా. ఆయన విసుక్కోకుండా ప్యానెళ్ళు పడమర పక్కకి జరిపి మళ్ళీ కొలతలు వేసుకున్నాడు, ఇది మాత్రం నాకు బాగా నచ్చింది.

నాకు ఇది ఒట్టి బిల్లు సంగతి కాదండి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండినప్పుడు చిన్నవాణ్ణి, రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది. మన నేల కింద అంత గ్యాస్ ఉన్నా, 2009లో సముద్రంలో కేజీ డీ6 (కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ క్షేత్రం) మొదలయ్యాక ఇక కరెంటుకి లోటుండదనుకున్నా, కొన్నాళ్ళకే గ్యాస్ పడిపోయి గ్యాస్‌తో కరెంటు తీసే వేమగిరి, సామర్లకోట ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి. దేశంలో ఇప్పటికీ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కానీ 2014 మార్చిలో 3 గిగావాట్లు (ఒక్కోటి పది లక్షల కిలోవాట్లు) కూడా లేని సోలార్ 2025 జనవరికి 100 దాటింది, అందులో నా 3 కిలోవాట్లు కూడా ఉన్నాయంటే నిజంగా సంతోషంగా ఉంటుంది.

ఇక లోపాలు. మనం లైన్లోకి పంపిన కరెంటుని, వాడుకున్నదాన్ని లెక్కకట్టే నెట్ మీటర్ రావడానికి రెండు నెలలు పట్టింది, ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, అందాకా తయారైన కరెంటుకి లెక్కే లేదు. ఇంకోటి, బ్యాటరీ లేదు కాబట్టి లైన్లో కరెంటు పోతే ఇదీ ఆగిపోద్ది, లైన్ మీద పనిచేసేవాళ్ళకి షాక్ కొట్టకూడదని అలా పెడతారు, తుఫానప్పుడు మూడ్రోజులు చీకట్లోనే ఉన్నాం. ఇది ముందే చెప్పుంటే బాగుండేది.

సముద్రపు గాలికి రెండు బోల్టులు తుప్పు పట్టాయి, ఫోన్ చేస్తే వారంలో వచ్చి స్టీలువి వేసి వెళ్ళారు, డబ్బులడగలేదు. మీరైతే మొదట్లోనే స్టీలు బోల్టులు అడిగి వేయించుకోండి. 5కి 4 ఇస్తాను.